పాస్ కొనే ముందు మీటింగులు చూసుకోండి

సంపాదకుల వారికి,

నమస్కారం. గేమ్ పరిశ్రమ సదస్సుల కాలం దగ్గరపడితే చాలు, హన్మకొండ, కరీంనగర్ కాలేజీల్లో పైసలు వసూలు చేయడం మొదలవుతుంది. ఎవరో శాన్‌ఫ్రాన్సిస్కో అంటారు, ఎవరో జర్మనీ అంటారు, కనీసం చెన్నై అయినా పోయి రాకపోతే వెనకబడిపోతామంటారు. గేములు తయారు చేయడమే వృత్తిగా బతికేవాళ్లం కాబట్టి దీని మీద నాలుగు మాటలు విడమరిచి రాస్తున్నాం. మీ పత్రికను తల్లిదండ్రులు చదువుతారు, ఆ డబ్బు చివరికి వాళ్ల జేబులోంచే పోతుంది.

ఉపన్యాసాలు వినడానికే అయితే పెద్ద సదస్సులకు పోనక్కర్లేదు. చేతిలో నడిచే గేమ్ ఉండి, ఎవరిని ఏ గంటకు కలవాలో ముందే ఖాయమై ఉంటే మాత్రం పోవాలి, ఖర్చుకు వెనకాడవద్దు. ఈ రెంటిలో ఏది లేకపోయినా ఆ ఏడాదికి ఆగడమే మంచిది.

పెద్ద సభలన్నీ ఒకప్పటిలా లేవన్నది నిజమే. లాస్ ఏంజెలిస్‌లో 1995లో మొదలైన ఈ3 ప్రదర్శన గేమ్ ప్రపంచానికి పెద్ద పండుగగా వెలిగింది. 2020లో కోవిడ్ వల్ల ఆగింది, మరుసటి ఏడు ఆన్‌లైన్‌లో జరిగింది, 2022, 2023లో రద్దయింది. 2023 డిసెంబరులో నిర్వాహకులే ఇక ఎప్పటికీ ఉండదని ప్రకటించారు. కోవిడ్ ఒక్కటే దానికి కారణం కాదు. నింటెండో 2011 నుంచే తన కొత్త గేముల కబుర్లను సొంత వీడియోలతో నేరుగా ఆటగాళ్లకు చెప్పడం మొదలుపెట్టింది. సోనీ 2019లోనే ఈ3కి రాలేదు. ఆటగాడికి వార్త చేరవేయడానికి హాలు అద్దెకు తీసుకోవాల్సిన అవసరం తీరిపోయాక, వార్త కోసమే బతికిన ప్రదర్శన నిలబడలేదు.

అలాగని అన్నీ మూతపడలేదు. జర్మనీలోని కొలోన్‌లో 2009 నుంచి ఏటా ఆగస్టులో జరిగే గేమ్స్‌కామ్ ప్రదర్శనకు ఇప్పటికీ మూడు లక్షలకు పైగా జనం వస్తున్నారు. అమెరికాలో జీడీసీ (గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్) 1988లో క్రిస్ క్రాఫోర్డ్ అనే డిజైనర్ ఇంట్లో ముప్పై మంది లోపు కూర్చుని మాట్లాడుకోవడంతో మొదలై, ఇవాళ మార్చి నెలలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని మాస్కోనీ సెంటర్‌ను నింపుతోంది. మన దగ్గర ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ చాలా ఏళ్లు హైదరాబాద్ హెచ్ఐసీసీ కన్వెన్షన్ సెంటర్‌లో జరిగి, 2025 నవంబరులో చెన్నైకి మారింది. ఇవి నిలవడానికి కారణం ఉపన్యాసాలు కావు. గేమ్ చేసేవాడు, దానికి పెట్టుబడి పెట్టేవాడు, అమ్మిపెట్టేవాడు ఒకే వారంలో ఒకే ఊళ్లో దొరకడమే కారణం.

జీడీసీ ఉపన్యాసాలు వందల కొద్దీ దాని యూట్యూబ్ చానెల్‌లో ఉచితంగా ఉన్నాయి. మొదటి లెవెల్ ఎలా కట్టాలి, శత్రువు కదలికలకు కోడ్ ఎలా రాయాలి, పాత్ర నడకలో బరువు ఎలా తేవాలి వంటి విషయాల మీద పేరున్న డిజైనర్లు చెప్పిన పాఠాలు ఇంట్లో కూర్చుని, ఆపి ఆపి, వెనక్కి తిప్పి వినవచ్చు. హాలులో ఆ వెసులుబాటు ఉండదు. అక్కడే ఉంటే తప్ప దొరకనిది ఒకటుంది. రౌండ్ టేబుళ్లని ఉంటాయి, ముప్పై నలభై మంది కూర్చుని దాపరికం లేకుండా మాట్లాడుకునేవి. వాటిని రికార్డు చేయరు. పోయినవాళ్లు వాటికి తప్పకుండా వెళ్లాలి.

ఇక ఖర్చు. హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు రానూపోనూ విమానం లక్ష దాటుతుంది. సదస్సు వారంలో మాస్కోనీ చుట్టుపక్కల హోటల్ గది రాత్రికి రెండు వందల డాలర్లకు తక్కువ దొరకడం కష్టం. పాస్, తిండి, స్థానిక ప్రయాణం కలిపితే ఒక మనిషికి నాలుగు లక్షలు అనుకోవాల్సిందే. 2026 నుంచి జీడీసీ పేరు మార్చుకుని పాస్ ధర తగ్గించింది కానీ, మొత్తం ఖర్చులో పాస్ వాటా ఎప్పుడూ చిన్నదే. నెలకు 25 వేలు ఇస్తే ఆ నాలుగు లక్షలతో హన్మకొండలో ఒక ఆర్టిస్టును 16 నెలలు పెట్టుకోవచ్చు. చిన్న జట్టుకు ఆ ఆర్టిస్టే ముఖ్యం.

వీసా సంగతి చాలామంది ఆఖర్న చూస్తారు, దెబ్బ అక్కడే తగులుతుంది. వ్యాపార పనులకిచ్చే అమెరికా బీ1 వీసా ఫీజు 185 డాలర్లు, తిరస్కరిస్తే వెనక్కి రాదు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ స్లాట్ కోసం నెలలు ఆగాల్సి రావచ్చు. సంపాదన లేని విద్యార్థికి సెక్షన్ 214బీ కింద తిరస్కరణ ఎదురవడం మామూలే. తిరిగి వస్తాడన్న నమ్మకం అధికారికి కలగాలి, దానికి సదస్సు పాస్ రుజువు కాదు. కాబట్టి వీసా చేతికి వచ్చేదాకా డబ్బు వాపసు రాని టికెట్లు, గదులు తీసుకోవద్దు. జర్మనీకైతే షెంగెన్ వీసా 90 యూరోలు, కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉన్న ప్రయాణ బీమా, బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మార్చికి అమెరికా, ఆగస్టుకు జర్మనీ అని రెండింటి మధ్య ఊగేవాళ్లకు మేం కొలోన్‌నే ఎంచుకోమంటాం. అక్కడ వ్యాపార విభాగం హాళ్లు వేరుగా ఉంటాయి, ట్రేడ్ విజిటర్ టికెట్ ఉన్నవాళ్లనే లోపలికి పంపుతారు. సామాన్య టికెట్ కొనుక్కుని పోయినవాడికి మాత్రం క్యూలు తప్ప ఏమీ మిగలవు.

చెన్నై అయితే ఈ బాధలేవీ లేవు. తమిళనాడు ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది, రాత్రి ఎక్కితే తెల్లారేసరికి చెన్నై సెంట్రల్‌లో దిగవచ్చు. మొదటిసారి పోయేవాళ్లు దేశంలో జరిగేదానికే పోవాలి.

మీటింగుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మేడారం జాతరలో ఒక మనిషిని కలవాలంటే ఏ గద్దె దగ్గర, ఏ పొద్దుకు అని ఇంటి దగ్గరే చెప్పుకుని బయలుదేరతాం కదా, ఇదీ అంతే. పబ్లిషర్ (గేమ్‌కు పెట్టుబడి పెట్టి అమ్మిపెట్టే కంపెనీ) ప్రతినిధి క్యాలెండర్ అరగంట అరగంటగా రెండు వారాల ముందే నిండిపోతుంది. సదస్సుకు ఆరు వారాల ముందు కూర్చుని, గత రెండేళ్లలో మీ రకం గేములు విడుదల చేసిన పబ్లిషర్లు ఎవరో స్టీమ్ అనే ఆన్‌లైన్ పీసీ గేముల దుకాణంలో వెతికి జాబితా రాసుకోవాలి. పజిల్ గేమ్ చేసినవాడు తుపాకుల గేములే వేసే కంపెనీకి రాయడం ఇద్దరికీ కాలయాపన. పెద్ద సదస్సుల్లో మీట్‌టుమ్యాచ్ వంటి అపాయింట్‌మెంట్ వ్యవస్థలు నడుస్తాయి. అవి తెరిచిన రోజే అడగాలి, ఆఖరి వారంలో అడిగితే జవాబు రాదు. ముప్పై మందిని అడిగితే పది జవాబులు వచ్చినా బాగానే వచ్చినట్టు. బయలుదేరడానికి పది రోజుల ముందు లెక్క చూసుకోండి. కనీసం ఐదు ఖాయం కాకపోతే ప్రయాణం మానుకోవడానికి అప్పటికీ సమయం ఉంటుంది.

అడిగే ఉత్తరం ఐదు వాక్యాలు దాటకూడదు. గేమ్ ఏ రకం, ఏ పరికరాల మీద నడుస్తుంది, ఎంతవరకు పూర్తయింది, ఎంత డబ్బు కావాలి, ఆడి చూడటానికి లింకు ఎక్కడ. లింకు విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటే, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి అనుమతి తెరవరు. అవతలివాడు నొక్కితే ‘యాక్సెస్ అడగండి’ అని వస్తుంది, వాడు అడగడు, తర్వాతి ఉత్తరం తెరుస్తాడు. పంపే ముందు మీ ఖాతాలోంచి లాగౌట్ అయి, వేరే ఫోన్‌లో ఆ లింకు తెరిచి చూడండి.

ఓరుగల్లు కుర్రాళ్లకు ఇంకో మాట. కాకతీయుల మీద, రామప్ప మీద గేములు చేయాలన్న ఉత్సాహం ఇక్కడ బాగా ఉంది, మాకూ సంతోషమే. కానీ పిచ్‌లో, అంటే పబ్లిషర్‌కు గేమ్‌ను పరిచయం చేసే ప్రజెంటేషన్‌లో, మొదటి ఐదు స్లైడ్లు చరిత్ర చెబితే ఎదుటివాడు ఎదురుచూస్తున్నది రాదు. వాడు అడిగేది ఒకటే: ఆటగాడు చేత్తో ఏం చేస్తాడు? ‘రుద్రమదేవి కాలపు కోట’ అంటే వాడికి ఏమీ తెలియదు. ‘ఏడు వరుసల కోటను ఒక్కొక్కటిగా కాపాడుకుంటూ వెనక్కి తగ్గే వ్యూహం గేమ్, ఒక్కో ఆట ఇరవై నిమిషాలు’ అంటే వెంటనే అర్థమవుతుంది. మొదటి స్లైడ్‌లోనే అరనిమిషం ఆట వీడియో ఉండాలి. మొత్తం పది పన్నెండు స్లైడ్లు చాలు. చివరి స్లైడ్‌లో డబ్బు, నెలలు, జట్టులో ఎవరు ఏం చేస్తారు అన్నది అంకెల్లో ఉండాలి. ‘మీకు తోచినంత’ అన్నచోట చర్చ ఆగిపోతుంది.

ఒప్పందం దాకా వస్తే అక్కడికక్కడ సంతకం వద్దు. రెండు ప్రశ్నలు తప్పక అడగాలి. పబ్లిషర్ తన పెట్టుబడి పూర్తిగా రాబట్టుకున్నాకే మన వాటా మొదలవుతుందా? ప్రచార ఖర్చు కూడా ఆ పెట్టుబడిలో కలుపుతారా? లెక్క చూడండి: 50 లక్షలు ఇచ్చి మొత్తం ముందు తానే రాబట్టుకుంటానంటే, స్టీమ్ 30 శాతం కోత పోగా 50 లక్షలు మిగలడానికి పన్నులు, రిఫండ్లు తీసేశాక 71 లక్షలకు పైగా అమ్మకం జరగాలి. అప్పటిదాకా డెవలపర్‌కు రూపాయి రాదు. ప్రచారానికి ఇంకో 20 లక్షలు కలిపితే ఆ గీత కోటికి చేరుతుంది. ఇలాంటి విషయాలు ముందే గేమ్ విడుదల చేసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అడిగి తెలుసుకోవడమే సదస్సులో అసలు చదువు.

ఇక డెమో బల్ల, అంటే వచ్చినవాళ్లతో గేమ్ ఆడించే చోటు. ప్రదర్శనకు ఎంపికై కూడా మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. డెమో పది నిమిషాలు దాటవద్దు, మొదటి నిమిషంలోనే ఆట చేతికి రావాలి, కథ చెప్పే తెరలు తీసేయాలి. అరవై సెకండ్లు ఎవరూ ముట్టకపోతే గేమ్ దానంతటదే మొదటి తెరకు తిరిగిపోయేలా కోడ్ రాసుకోవాలి, పాత సేవ్ ఫైల్ కూడా చెరిగిపోవాలి. అది లేకపోతే ఒకడు సగంలో వదిలిన పాజ్ మెనూ ముందు తర్వాతివాడు నిలబడి, ఏం చేయాలో తెలియక పోతాడు.

హాలు వైఫై మీద ఆధారపడే గేమ్ ఆ రోజు నడవనట్టే. సర్వర్ కావాల్సిన గేమ్ అయినా ఆఫ్‌లైన్ బిల్డ్ (నెట్ లేకుండా నడిచే గేమ్ ప్రతి) ఒకటి వేరుగా కట్టుకోవాలి, స్టీమ్‌లోంచి నడిపితే ముందే ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి చూసుకోవాలి. వైర్‌లెస్ కంట్రోలర్లు వద్దు. బ్లూటూత్, వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లో నడిచేవే. వందలాది ఫోన్లు, హెడ్‌సెట్లు చేరిన హాలులో నొక్కిన బటన్ ఆలస్యంగా అందుతుంది, తప్పు గేమ్‌దే అనుకుంటారు. యూఎస్‌బీ తీగతోనే కలపండి, ఆ తీగ రెండోది సంచిలో ఉంచండి. గేమింగ్ ల్యాప్‌టాప్‌ను బల్ల కింద అరలో పెట్టి తలుపు మూస్తే గంటలో వేడెక్కి, గ్రాఫిక్స్ చిప్ వేగం తానే తగ్గించుకుంటుంది. ఉదయం సెకనుకు అరవై ఫ్రేములు నడిచిన గేమ్ మధ్యాహ్నానికి ముప్ఫైకి పడేది అందుకే. అర వెనుక గాలి ఆడే దారి ఉండాలి. విండోస్ అప్‌డేట్ వారం పాటు ఆపాలి, స్క్రీన్‌సేవర్ తీసేయాలి.

మొబైల్ గేమ్ అయితే ఎయిర్‌ప్లేన్ మోడ్, స్క్రీన్ పిన్నింగ్ (తెర మీద ఆ ఒక్క యాపే నిలిచేలా చేసే అమరిక) తప్పనిసరి. లేకపోతే మీ ఇంట్లోవాళ్ల ఫోన్ కాల్ డెమో మధ్యలో వచ్చి పడుతుంది. ఛార్జింగ్‌లో పెట్టి మూడు గంటలు ఆడిస్తే ఫోన్ వేడెక్కి వెలుతురు తగ్గించేస్తుంది కాబట్టి రెండు ఫోన్లు మార్చి మార్చి వాడాలి. విదేశాల్లో అయితే ప్లగ్గు సంగతి చూసుకోండి. జర్మనీలో మనలాగే 230 వోల్టులే, పిన్నులు వేరు. అమెరికాలో 120 వోల్టులు, చదును పిన్నులు. ఛార్జర్ మీద 100–240 అని ఉంటే అడాప్టర్ ఒకటి చాలు, మానిటర్ మీదా అదే రాసి ఉందో లేదో ఇక్కడే చూసుకోవాలి. స్టాల్‌కు కరెంటు కనెక్షన్ విడిగా బుక్ చేయాల్సి రావచ్చు, అద్దెలో కలిసే ఉందనుకోవద్దు.

బల్ల వెనుక ఇద్దరుండాలి. ఒకరు మాట్లాడితే, ఇంకొకరు ఆడేవాడి చేతులు చూసి ఎక్కడ ఆగాడో రాసుకోవాలి. ఆ కాగితం అవార్డు కన్నా విలువైంది.

ఈ ఆడించి చూడటానికి నిజానికి విమానం అక్కర్లేదు. వరంగల్ నిట్‌లో టెక్నోజియాన్ అనే సాంకేతిక ఉత్సవం జరిగే రోజుల్లో అనుమతి తీసుకుని ఒక బల్ల వేసుకుంటే, గేములు బాగా ఆడే వయసువాళ్లు ఎంతమందైనా దొరుకుతారు. కొత్తవాళ్లు ఎనిమిది పది మంది ఆడితే పెద్ద లోపాలు చాలామట్టుకు బయటపడతాయి. నియమం ఒక్కటే, ఆడుతున్నప్పుడు నోరు మెదపకూడదు. ‘అక్కడ దూకు’ అన్నారంటే ఆ పరీక్ష వృథా. తక్కువ సమయంలో గేమ్ తయారు చేసే గ్లోబల్ గేమ్ జామ్ ఏటా జనవరి చివర్లో జరుగుతుంది, 2009 నుంచి నడుస్తోంది. ఏ కాలేజీ అయినా తన ల్యాబునే కేంద్రంగా నమోదు చేసుకోవచ్చు.

పీసీ గేమ్ చేసేవాళ్లకు స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్ ఉంది. ఏడాదికి మూడుసార్లు, ఫిబ్రవరి, జూన్, అక్టోబరుల్లో వారం పాటు జరుగుతుంది. ఇంకా విడుదల కాని గేముల డెమోలను అందులో పెడతారు. స్టీమ్‌లో ఒక గేమ్‌కు 100 డాలర్లు కడితే చాలు, ఫెస్ట్‌కు వేరే రుసుము లేదు. కానీ ఒక గేమ్‌కు ఒక్కసారే అవకాశం, అందుకే సగం ఉడికిన డెమోతో దాన్ని ఖర్చు చేసుకోవద్దు. విడుదలకు దగ్గరలో వచ్చే ఫెస్ట్‌నే ఎంచుకోవాలి, అప్పటికి కొన్ని నెలలుగా స్టోర్ పేజీ తెరిచి విష్‌లిస్టులు (కొనాలనుకుని గేమ్‌ను గుర్తుపెట్టుకున్నవాళ్ల సంఖ్య) కూడబెట్టి ఉండాలి. మొబైల్ వాళ్లకు గూగుల్ ప్లే ఖాతా ఒక్కసారి 25 డాలర్లు. కొత్త వ్యక్తిగత ఖాతా అయితే విడుదలకు ముందు 12 మంది టెస్టర్లతో 14 రోజులు ఆపకుండా పరీక్ష నడపాలి. ఈ నిబంధన తెలియక సదస్సు తేదీకి గేమ్ స్టోర్‌లో పెడతామని మాటిచ్చి ఇబ్బంది పడేవాళ్లున్నారు.

ఉద్యోగం కోసం పోయేవాళ్లకు మాట సూటిగానే చెప్పాలి. స్టాల్ దగ్గర రెజ్యూమె ఇస్తే ‘వెబ్‌సైట్‌లో అప్లై చేయండి’ అనే ఎక్కువగా వింటారు. ఆర్టిస్టయితే ఐదు మంచి పనులున్న పోర్ట్‌ఫోలియో, ప్రోగ్రామర్ అయితే ఫోన్‌లో అప్పటికప్పుడు ఆడించగల చిన్న గేమ్, ఇవి మాత్రమే మాట కదుపుతాయి. పైగా 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో డబ్బు పెట్టి ఆడే గేములు నిషేధంలోకి పోయాయి. రమ్మీ, ఫాంటసీ కంపెనీల్లో కొలువు ఆశించి పోవడం ఇక కుదరదు. అవి పోయినందుకు మాకు బాధ లేదు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది.

కాలేజీ యాజమాన్యాలకు ఒక విన్నపం. నలభై మంది దగ్గర ఆరు వేల చొప్పున తీసుకుని బస్సులో తీసుకుపోయి, ఎక్స్‌పో హాలు చూపించి, బ్యానర్ ముందు ఫొటో దిగి రావడం ఇక్కడ ఆనవాయితీ అవుతోంది. ఆ మొత్తం 2 లక్షల 40 వేలు. దాంతో కాలేజీకి లక్షా ఇరవై వేలలో గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ ఒకటి, నలభై వేలలో తక్కువ ర్యామ్ ఉన్న పరీక్ష ఫోన్లు నాలుగు, దాదాపు ఇరవై వేలలో రెండు గేములకు స్టీమ్ రుసుము, ఒక ప్లే ఖాతా వస్తాయి. మిగిలిన అరవై వేలతో, నిజంగా నడిచే గేమ్ ఉన్న నలుగురిని ఒక అధ్యాపకుడితో సహా చెన్నై పంపవచ్చు. ఆ నలుగురూ తిరిగి వచ్చాక మిగతా ముప్పై ఆరు మందికి ల్యాబులో ఒక పూట పాఠం చెప్పాలన్న షరతు పెట్టండి.

రాష్ట్ర ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ఇమేజ్ విధానం తెచ్చింది. దాని ఫలం ఎక్కువగా హైదరాబాద్ వలయం లోపలే ఆగిపోయిందని మా అభిప్రాయం. మడికొండలో ఐటీ కంపెనీలకు చోటు దొరికినట్టే గేమ్ జట్లకూ దొరకాలి. సదస్సులకు రాష్ట్రం తరఫున స్టాల్ పెట్టినప్పుడల్లా అందులో రెండు బల్లలు జిల్లాల జట్లకు కేటాయించాలి. ఎంపికకు ఒక్కటే కొలత ఉండాలి, బిల్డ్ పంపండి, పది నిమిషాలు ఆడి చూస్తాం అని. దరఖాస్తుల తేదీ మూడు నెలల ముందు మీ పత్రికలో వస్తే, మీటింగులు కుదుర్చుకోవడానికి ములుగు, జనగామ పిల్లలకూ సమయం చిక్కుతుంది.

ఇట్లు,
కొందరు గేమ్ డెవలపర్లు,
హన్మకొండ